హితవాది

రాజ్యతంత్రంలో ఆజ్ఞాపించేవాడు ఒకడు, ఆలోచన చెప్పేవాడు మరొకడు. ఆజ్ఞ అందరికీ వినిపిస్తుంది. దాని వెనుకనున్న ఆలోచన మాత్రం ఏకాంతమందిరంలో పుట్టి, అక్కడే మరుగున పడుతుంది. ఆలోచన ఫలిస్తే కీర్తి ప్రభువుకు దక్కుతుంది. వికటిస్తే నింద తరచుగా సలహా చెప్పినవాడి తలమీద పడుతుంది. మన సాహిత్యంలో ఇటువంటి హితవాదులకు కొదువలేదు. నిద్ర పట్టని ధృతరాష్ట్రునికి రాత్రివేళ నీతి బోధించిన విదురుడు వారిలో అగ్రగణ్యుడు. ధృతరాష్ట్రుడు అంతా విన్నాడు, మెచ్చుకున్నాడు, ఆచరించలేదు. ఆ ఘట్టాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి నెల్లూరు ప్రభువైన మనుమసిద్ధి కొలువులో స్వయంగా మంత్రి. హితవు చెప్పడంలోని బరువెంతో ఆ మహాకవికి అనుభవపూర్వకంగా తెలుసు.

రాజసభ స్థానంలో ప్రజాప్రతినిధుల సభ వెలసినప్పుడు హితవాది పరిస్థితి మారింది. ఏకాంతంలో ప్రభువు చెవిలో చెప్పిన మాటను ఇప్పుడు పదిమంది ఎదుట, తన మాటగా, తన పేరుతో చెప్పవలసి వచ్చింది. ఆ మాటకు కలిగే ఫలితాన్ని తానే అనుభవించవలసి వచ్చింది. ఒక నాయకునికి ఆంతరంగిక సలహాదారుగా ప్రజాజీవితంలో అడుగుపెట్టి, శాసనసభ్యుడై, చివరకు మంత్రివర్గపు గడప వెలుపలనే ఒక చిన్న మంత్రిపదవితో నిలిచిపోయిన హితవాది ఒకడు 18వ శతాబ్దపు ఇంగ్లండు చరిత్రలో కనిపిస్తాడు. ఆయన పేరు ఎడ్మండ్ బర్క్. ఆయన పదవిలో ఉన్న కాలమంతా కలిపినా ఇంచుమించు ఒక్క సంవత్సరం. అయినా ఆనాటి ప్రధానమంత్రులలో పలువురిని మరచిపోయిన లోకం బర్క్‌ను మరచిపోలేదు.

బర్క్ 1729లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాదవృత్తిలో ఉన్న ప్రొటెస్టెంటు, తల్లి కాథలిక్కు. ఆనాటి ఐర్లండులో కాథలిక్కులకు ఓటు హక్కు లేదు, పార్లమెంటులో స్థానం లేదు, ప్రభుత్వోద్యోగం లేదు. తల్లివైపు బంధువులు అనుభవిస్తున్న ఈ వివక్షను బర్క్ బాల్యం నుంచే చూశాడు. బాలిటోర్ గ్రామంలో క్వేకర్ శాఖకు చెందిన ఒక ఉపాధ్యాయుని పాఠశాలలో చదివాడు. ఈ విధంగా మూడు మతశాఖల మంచితనాన్ని చిన్ననాటనే ఎరిగినవాడు కావడం వల్ల, మతాన్నిబట్టి మనిషిని కొలిచే అలవాటు ఆయనకు అబ్బలేదు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో పట్టభద్రుడై, 1750లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ చేరుకున్నాడు. కాని మనసు చట్టాలమీద నిలువలేదు, సాహిత్యంవైపు మళ్ళింది. 1757లో ఆయన ప్రకటించిన సౌందర్యశాస్త్ర గ్రంథం విద్వాంసుల దృష్టిని ఆకర్షించింది. భయం గొలిపే మహత్తర దృశ్యాలు మనసుకు ఆనందాన్ని ఎలా కలిగిస్తాయి అన్నది అందులోని ప్రధాన చర్చ. భయానక, అద్భుత రసాలను గురించి మన ఆలంకారికులు చేసిన విచారణ తెలిసినవారికి ఈ ప్రశ్న కొత్తదిగా తోచదు. 1764లో డాక్టర్ జాన్సన్ ప్రభృతులు నెలకొల్పిన సాహితీగోష్ఠిలో బర్క్ తొలి సభ్యులలో ఒకడు.

విద్వత్తు గౌరవాన్ని తెచ్చింది కాని కుటుంబపోషణకు చాలలేదు. అందువల్ల 1759లో విలియం జెరార్డ్ హామిల్టన్ అనే పార్లమెంటు సభ్యుని వద్ద కార్యదర్శిగా చేరాడు. కొంతకాలానికి హామిల్టన్ ఐర్లండు పాలనలో ఉన్నతోద్యోగి కాగా, బర్క్ ఆయన వెంట డబ్లిన్ వెళ్ళాడు. 1763లో సాలుకు 300 పౌన్ల భృతి కూడా లభించింది. కాని హామిల్టన్ క్రమంగా బర్క్ జీవితకాలపు సేవను తనకే కట్టుబడి ఉంచుకోవాలని ఆశించాడు. చదువుకోవడానికి, రాసుకోవడానికి తీరిక మిగలని కొలువు అది. వేతనం తీసుకుని పనిచేయడం వేరు, బుద్ధినే తాకట్టు పెట్టడం వేరు అని బర్క్ గ్రహించాడు. 1765లో కొలువుతో పాటు ఆ భృతిని కూడా వదులుకున్నాడు. భార్య, చిన్నవాడైన కుమారుడు ఉన్న గృహస్థుకు, వెనుక ఆస్తి లేనివానికి ఇది సామాన్యమైన త్యాగం కాదు.

అదే సంవత్సరం జూలైలో రాకింగ్‌హామ్ ప్రభువు ప్రధానమంత్రి అయ్యాడు. బర్క్ ఆయనకు ఆంతరంగిక కార్యదర్శిగా నియుక్తుడయ్యాడు. వెంటనే కొందరు ప్రముఖులు ప్రధానిని హెచ్చరించారు. బర్క్ ఐర్లండువాడనీ, రహస్యంగా కాథలిక్కు మతావలంబి అనీ, అటువంటివానిని దరిచేరనీయరాదనీ వారి అభియోగం. ఈ మాట చెవినిపడగానే బర్క్ రాజీనామా చేయడానికి సిద్ధపడ్డాడు. అనుమానపు నీడలో ఇచ్చే సలహా ఎవరికీ ఉపయోగపడదని ఆయన ఎరుగును. రాకింగ్‌హామ్ మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. ఆ విశ్వాసం పదిహేడేళ్ళ పాటు, రాకింగ్‌హామ్ మరణించేవరకు, చెక్కుచెదరలేదు.

1765 డిసెంబరులో బర్క్ వెండోవర్ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. నిజానికి ఆ స్థానం ఒక భూస్వామి చెప్పుచేతల్లోనిది. ఆయన ఎవరిని సూచిస్తే వారే సభ్యులు. బర్క్ ఆ దారినే సభలో ప్రవేశించాడన్నది మరువరాని విషయం. అయితే ప్రవేశించిన దారి ఇరుకైనా, ఆయన గొంతు ఇరుకైనది కాలేదు. 1766 జనవరిలో చేసిన తొలి ప్రసంగాలే సభను ఆకట్టుకున్నాయి. అమెరికా వలసలమీద అంతకుముందు సంవత్సరం విధించిన స్టాంపు పన్ను అక్కడ పెద్ద అలజడికి కారణమైంది. దానిని రద్దు చేయాలన్న రాకింగ్‌హామ్ ప్రభుత్వ నిర్ణయాన్ని బర్క్ సమర్థించాడు. మార్చిలో చట్టం రద్దయింది. ఐదు నెలలు తిరగకముందే ప్రభుత్వం కూడా పడిపోయింది. ఆ తరువాత 16 సంవత్సరాలు బర్క్ ప్రతిపక్షంలోనే ఉన్నాడు.

అధికారం లేని ఆ సుదీర్ఘకాలం ఆయన జీవితంలో వృథా కాలేదు. 1770లో వెలువరించిన గ్రంథంలో రాజకీయపక్షం అంటే ఏమిటో వివరించాడు. అంతవరకు పక్షం అనగానే పదవుల కోసం కూడిన ముఠా అన్న భావమే లోకంలో ఉండేది. ఒక సిద్ధాంతాన్ని నమ్మి, దేశహితం కోసం కలిసి శ్రమించే వ్యక్తుల సమూహమే పక్షమని బర్క్ దానికి గౌరవప్రదమైన అర్థం కల్పించాడు. ప్రతిపక్షం రాజద్రోహం కాదని, అది పాలనలో ఒక అంగమని లోకం గుర్తించడానికి ఆయన రచన తోడ్పడింది. 1774లోను, 1775లోను అమెరికా విషయమై ఆయన చేసిన ప్రసంగాలు సుప్రసిద్ధాలు. పన్ను విధించే హక్కు ఉన్నదా లేదా అన్న తర్కం కంటే, ఆ హక్కును ప్రయోగించడం వివేకమా కాదా అన్నదే ముఖ్యమని ఆయన వాదించాడు. సభ వినలేదు. కొద్దిరోజులకే యుద్ధం మొదలైంది. 1783 నాటి సంధితో బ్రిటన్ ఆ 13 వలసలను శాశ్వతంగా కోల్పోయింది. విదురుని మాట ధృతరాష్ట్రుడు పెడచెవిని పెట్టిన కథే ఇక్కడా జరిగింది.

ప్రభువులకు హితవు చెప్పడం కష్టమే. ఓటర్లకు చెప్పడం అంతకంటే కష్టం. 1774లో పెద్ద రేవుపట్టణమైన బ్రిస్టల్ పౌరులు బర్క్‌ను తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. ఆయనతో పాటు ఎన్నికైన మరో సభ్యుడు ఓటర్ల ఆదేశం ప్రకారమే నడుచుకుంటానని మాట ఇచ్చాడు. బర్క్ అటువంటి వాగ్దానం చేయలేదు. ప్రజల అభిప్రాయాన్ని గౌరవించడం, వారి కోసం తన సుఖాన్ని త్యజించడం ప్రతినిధి విధి అని ఒప్పుకున్నాడు. కాని తన వివేకాన్ని మాత్రం వారికి కానుకగా సమర్పించలేనని, సభలో చర్చ వినకముందే తీర్పును చేతికిచ్చి పంపితే ఆ సభ ఎందుకని ప్రశ్నించాడు. గెలిచిన వేదికమీదనే, కృతజ్ఞతలు చెప్పవలసిన సమయంలోనే, ఈ మాటలు చెప్పడం గమనార్హం.

మాట చెప్పడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. 1778లో ఐర్లండు వర్తకంమీది ఆంక్షలను సడలించాలన్న ప్రతిపాదన వచ్చింది. తమ లాభాలకు గండి పడుతుందని బ్రిస్టల్ వర్తకులు భయపడ్డారు. బర్క్ ఐర్లండుపక్షాన నిలిచాడు. కాథలిక్కులమీది కఠినశాసనాలను సడలించడాన్ని, అప్పుతీర్చలేక చెరసాలలో మగ్గేవారికి ఊరట కల్పించడాన్ని కూడా సమర్థించాడు. నియోజకవర్గానికి తరచు రావడం లేదన్న ఆరోపణ కూడా వీటికి తోడైంది. అందులో నిజం లేకపోలేదు. 1780 ఎన్నికలలో ఓటమి తప్పదని తెలిసి బ్రిస్టల్ పోటీనుంచి తప్పుకున్నాడు. తరువాత రాకింగ్‌హామ్ పలుకుబడి గల మాల్టన్ స్థానం నుంచి సభకు వచ్చాడు. ప్రతినిధి తన వివేకానికి కట్టుబడాలన్నవాడు, ఆ వివేకానికి మూల్యంగా ప్రజలెన్నుకున్న స్థానాన్ని పోగొట్టుకుని, మళ్ళీ ఒక ప్రభువు నీడనే చేరవలసి రావడం ఆయన జీవితంలోని విషాదం.

1782 మార్చిలో రాకింగ్‌హామ్ తిరిగి ప్రధాని అయ్యాడు. పదహారేళ్ళు పక్షానికి మేధస్సును, గళాన్ని అందించిన బర్క్‌కు మంత్రివర్గంలో చోటు దక్కుతుందని ఎవరైనా ఊహిస్తారు. కాని ఆ వర్గమంతా పెద్ద వంశాల ప్రభువులది. ఐర్లండు నుంచి వచ్చిన మధ్యతరగతి మనిషి, అప్పులున్నవాడు, ముక్కోపి, వారి నడుమ కూర్చోలేకపోయాడు. మంత్రివర్గానికి వెలుపల ఉండే సైనిక పేమాస్టర్ పదవి ఆయనకు లభించింది.

ఆ పదవి చూపులకు చిన్నదే కాని, ఆర్జనకు పెట్టిందిపేరు. సైన్యపు జీతభత్యాల నిమిత్తం ఖజానా నుంచి భారీ మొత్తాలు పేమాస్టర్ చేతికి వచ్చేవి. ఖర్చయ్యేవరకు ఆ సొమ్ము ఆయన వద్దనే ఉండేది. దానిమీద వచ్చే వడ్డీ ఆయన జేబులో పడేది. పదవి దిగిపోయిన తరువాత కూడా లెక్కలు తేలేవరకు ఏళ్ళతరబడి ఈ లాభం సాగేది. బర్క్ మిత్రుడు, సహచరుడు అయిన చార్లెస్ జేమ్స్ ఫాక్స్ తండ్రి ఈ పదవిలోనే అపారధనం కూడబెట్టాడు. బర్క్ తన చేతికి వచ్చిన పదవి లాభాన్ని తానే నరికివేశాడు. సైన్యపు సొమ్ము ఇకమీదట బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులోనే ఉండాలని, అవసరమైనప్పుడు నిర్ణీత వ్యయానికే తీయాలని శాసనం చేయించాడు. ఆ సంవత్సరమే మరో శాసనం ద్వారా రాజాస్థానంలోను, ప్రభుత్వంలోను పనిలేని పదవులు 130కి పైగా రద్దయ్యాయి. రాజు పలుకుబడిని పెంచే ప్రలోభాలను తగ్గించడమే దీని పరమార్థం.

1782 జూలై 1న రాకింగ్‌హామ్ మరణించాడు. తరువాతి ప్రధానితో పొసగక బర్క్ రాజీనామా చేశాడు. 1783 ఏప్రిల్‌లో కొత్త సంకీర్ణ ప్రభుత్వంలో మళ్ళీ అదే పదవి చేపట్టి, డిసెంబరులో ఆ ప్రభుత్వం పతనమయ్యేవరకు కొనసాగాడు. ఆయన నడవడి అంతా నిష్కళంకమని చెప్పలేము. సంస్కరణలు బోధించినవాడే సొంత సోదరునికి, కుమారునికి ప్రభుత్వంలో పదవులు ఇప్పించాడు. అక్రమాల ఆరోపణతో తొలగింపబడిన ఇద్దరు ఉద్యోగులను జాలితో తిరిగి చేర్చుకున్నాడు. వారిలో ఒకడు ఆత్మహత్య చేసుకున్నాడు, రెండవవాడు న్యాయస్థానంలో దోషిగా తేలాడు. ఆశ్రితుల విషయంలో మాత్రం ఆయన కరుణ వివేకాన్ని మించిపోయింది.

ఆ ప్రభుత్వం పతనం కావడానికి కారణం ఈస్టిండియా కంపెనీ వ్యవహారమే. కంపెనీ పాలనను పార్లమెంటు నియమించే అధికారుల అదుపులోకి తేవాలన్న బిల్లును ఫాక్స్ ప్రవేశపెట్టాడు. దాని రూపకల్పనలో బర్క్ ప్రధాన పాత్ర వహించాడు. 1783 డిసెంబరు 1న దానిని సమర్థిస్తూ ప్రసంగించాడు. కామన్స్ సభ ఆమోదించింది. రాజు కల్పించుకోవడం వల్ల ప్రభువుల సభ తిరస్కరించింది. బర్క్ మళ్ళీ ప్రతిపక్షం చేరాడు.

భారతదేశాన్ని ఎన్నడూ కంటితో చూడని బర్క్, నివేదికలు, లెక్కలు, ఉత్తరాలు చదివి ఈ దేశాన్ని మనసులో చూశాడు. 1785 ఫిబ్రవరి 28న ఆర్కాటు నవాబు అప్పులపై ఆయన చేసిన ప్రసంగం తెలుగువారు తప్పక తెలుసుకోదగినది. ఆనాడు నెల్లూరు మండలం ఆ నవాబు ఏలుబడిలోనే ఉండేది. మద్రాసులోని కంపెనీ ఉద్యోగులు తమ జీతాలకు ఏ విధంగానూ పొంతనలేని మొత్తాలను నవాబుకు అధికవడ్డీలకు అప్పిచ్చామని చూపేవారు. ఆ అప్పులకు హామీగా గ్రామాల శిస్తు వారి వశమయ్యేది. వడ్డీ చెల్లించేవాడు పేరుకు నవాబు. నిజానికి చెల్లించినవాడు పొలం దున్నిన రైతు. ఈ అప్పుల నిజానిజాలు విచారించకుండానే రాజ్యాదాయం నుంచి తీర్చడానికి లండన్ ప్రభుత్వం అంగీకరించింది. అటువంటి రుణదాతలలో ప్రముఖుడైన పాల్ బెన్‌ఫీల్డ్ పార్లమెంటులో సంపాదించిన పలుకుబడే దీనికి కారణమని బర్క్ నిర్భయంగా ఆరోపించాడు.

ఆ ప్రసంగంలో ఆయన మన చెరువులను గురించి మాట్లాడాడు. నదులు తక్కువైన ఆ భూమిలో వాననీటిని నిలిపే తటాకాలు వేలసంఖ్యలో ఉన్నాయని, వాటిని తవ్వించినవారే ప్రజలకు తండ్రులవంటి నిజమైన రాజులని కొనియాడాడు. 1780లో ఆరంభమైన హైదరాలీ దండయాత్రతో పాడుపడిన ఆ నేలను బాగుచేయవలసిన ధనం వడ్డీవ్యాపారుల పాలవుతున్నదని వాపోయాడు. మన పెద్దలు తటాకనిర్మాణాన్ని సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. కన్నకొడుకుతో సమానంగా చెరువు కూడా మనిషి పేరును నిలుపుతుందని వారి నమ్మకం. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలను వివరిస్తుంది. ఆ శాసనం బర్క్ చదవలేదు, సప్తసంతానాల మాట విని ఉండడు. అయినా వేల మైళ్ళ దూరాన కూర్చుని ఆ భావాన్నే పట్టుకోగలిగాడు. పరుల కష్టాన్ని ఊహించగల శక్తి సాహిత్యం ఆయనకు ప్రసాదించిన వరం. సభ మాత్రం ఆయన తీర్మానాన్ని తోసిపుచ్చింది.

తరువాత గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌మీద అభిశంసన నడిపించాడు. 1788 ఫిబ్రవరిలో వెస్ట్‌మినిస్టర్ మందిరంలో విచారణ మొదలైనప్పుడు నాలుగు రోజులపాటు ప్రారంభోపన్యాసం చేశాడు. భూగోళంలో చోటు మారినంత మాత్రాన న్యాయం మారదని, ఇంగ్లండులో తప్పు అయినది బెంగాలులోనూ తప్పే అవుతుందని ఆయన వాదం. ఏడేళ్ళ తరువాత 1795లో హేస్టింగ్స్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. బర్క్ ఆరోపణలలో కొన్ని అతిశయోక్తులని, ఆయన భాష హద్దు మీరిందని చరిత్రకారులు అంటారు. భగవద్గీత ఆంగ్లానువాదానికి, ప్రాచ్యవిద్యలకు హేస్టింగ్స్ చేసిన పోషణ కూడా మరువరానిది. అయినా పరాయి ప్రజలపై లభించిన అధికారం సొంత ఆస్తి కాదు, లెక్క చెప్పవలసిన బాధ్యత అన్న సూత్రం ఆ విచారణతో లోకానికి వినిపించింది.

వయసు మళ్ళినకొద్దీ బర్క్ ఒంటరివాడయ్యాడు. దీర్ఘోపన్యాసాలకు విసిగిన సభ్యులు ఆయన లేవగానే భోజనాలకు లేచిపోయేవారు. ఆయనకు ‘భోజనపు గంట’ అని ఎగతాళిపేరు పెట్టారు. ఫ్రెంచి విప్లవాన్ని తీవ్రంగా విమర్శిస్తూ 1790లో గ్రంథం రాశాడు. తరతరాల వ్యవస్థను ఒక్కసారిగా కూలదోస్తే హింస, చివరకు సైనికపాలన తప్పవని హెచ్చరించాడు. ఆ విప్లవంలోని న్యాయమైన ఆవేదనను ఆయన చూడలేదని థామస్ పెయిన్ మొదలైనవారు దీటుగా బదులిచ్చారు. 1791 మేలో ఈ విషయమై నిండుసభలో ఫాక్స్‌తో పాతికేళ్ళ స్నేహాన్ని తెంచుకున్నాడు. స్నేహం తెగిపోతున్నదని ఫాక్స్ కన్నీరు పెట్టుకున్నాడు.

1794లో బర్క్ సభనుంచి విరమించుకున్నాడు. తన స్థానంలో ఎన్నికైన ఏకైకపుత్రుడు రిచర్డ్ ఆగస్టులో మరణించాడు. ఆ దెబ్బనుంచి తండ్రి కోలుకోలేదు. మరుసటి సంవత్సరం రాజు మంజూరు చేసిన భృతిని స్వీకరించినప్పుడు, భృతులను ఖండించినవాడే భృతి పుచ్చుకున్నాడని సంపన్న ప్రభువులు ఆక్షేపించారు. తాతలనాటి రాజదానాలతో భోగాలనుభవించే మీరా నన్ను ప్రశ్నించేది అన్న ధోరణిలో వారికి ఘాటైన సమాధానం రాశాడు. 1797 జూలై 9న బీకన్స్‌ఫీల్డ్‌లో కన్నుమూశాడు. కుమారుని సరసనే ఆయనను ఖననం చేశారు. నాలుగేళ్ళకు, 1801లో, నెల్లూరుతో సహా ఆర్కాటు నవాబు రాజ్యమంతా కంపెనీ వశమైంది.

బర్క్ జీవితాన్ని గెలుపోటముల లెక్కతో కొలిస్తే ఓటములే అధికం. అమెరికా విషయంలో సభ వినలేదు. బ్రిస్టల్ ఓటర్లు వినలేదు. నవాబు అప్పుల విషయంలో ప్రభుత్వం వినలేదు. అయితే ఆయన ఒక్కొక్క సందర్భంలోనూ ఎవరికి ఏది రుచించదో వారికే దానిని చెప్పాడు. పోషకునికి స్వేచ్ఛను గురించి, ఓటర్లకు వివేకాన్ని గురించి, పాలకులకు చెరువులను గురించి చెప్పాడు. తప్పులు కూడా ఆయన బహిరంగంగానే చేశాడు, వాటి నింద మరొకరిమీదకు నెట్టలేదు.

నేటి విద్యార్థులలో కొందరు రేపు అధికారులకు, నాయకులకు సలహాలిచ్చే స్థానాలలో ఉంటారు. మరికొందరు ప్రజాప్రతినిధులవుతారు. అందరూ ఓటర్లవుతారు. హితవు చెప్పేవాడు ఎంత అవసరమో, చేదుగా ఉన్న హితవును వినగలిగే సభ, వినగలిగే ఓటరు అంతే అవసరం. ధృతరాష్ట్రుని కొలువులో లోపించినది విదురుడు కాదు, వినే చెవి.